సగటు డీఎంది, ప్లేయర్‌ది కాదు

డైస్ సగటు లెక్కగట్టడం ఎంత ఈజీ అంటే స్కూలు పిల్లలు కూడా నోటితో కట్టేస్తారు, బహుశా అందుకేనేమో ఆట టేబుల్ దగ్గర దానికి దక్కాల్సినదానికంటే ఎక్కువ మర్యాద దక్కుతోంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ రాక్షసులతో పోరాడే కథల ఆట) ఆడే గ్రూప్ ఏది చూసినా అందులో ఒకడుంటాడు, ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి "ఈ కత్తికి రౌండ్‌కి ఇంత, ఆ గొడ్డలికి అంత, అయిపోయింది, కత్తే తీస్కో" అని తీర్పు చెప్పేసేవాడు. మా దగ్గరా ఉన్నాడు. మేం ఎక్సెల్ అన్న అంటాం. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మెట్టుగూడలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో మల్కాజిగిరి వచ్చేసరికి ఆయన షీట్‌లో ఇంకో ట్యాబ్ పుట్టి ఉంటుంది. మంచి మనిషి, లెక్కలో తప్పు దొరకనివ్వడు. నా గొడవ ఆయన లెక్కతో కాదు, ఆ లెక్క తీస్కెళ్ళి ఎక్కడ పెడుతున్నాడన్నదాంతో.

సగటు అనేది డైస్ బోలెడన్ని సార్లు వేసేవాడికి పనికొచ్చే నంబరు. టేబుల్ దగ్గర అలా వేసేది దాదాపు డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు) ఒక్కడే, రాక్షసులన్నీ ఆయనవే కాబట్టి. ప్లేయర్ ఒక సాయంత్రం మొత్తం మీద వేసే డ్యామేజీ డైస్ ఎన్నుంటాయి, వేళ్ళమీద లెక్కెట్టొచ్చు, పైగా అందులో ప్రతిదీ ఏదో ఒక గీత దాటిందా లేదా అన్నదాని కోసమే. గోబ్లిన్ చచ్చిందా లేదా, తలుపు విరిగిందా లేదా. అలాంటి చోట సగటు పట్టుకుని ఆయుధం ఎంచుకోవడం నాకస్సలు నచ్చదు, ఎందుకో కాస్త వివరంగా చెప్తా.

ముందు లెక్క తెలీనివాళ్ళ కోసం. డైస్‌మీదున్న చిన్న నంబరూ పెద్ద నంబరూ కూడి సగం చేస్తే సగటు, అంతే. డీ6 అంటే ఆరు ముఖాలది, 1 ప్లస్ 6 ఏడు, సగం 3.5. డీ4కి 2.5, డీ8కి 4.5, డీ10కి 5.5, డీ12కి 6.5, డీ20కి 10.5. ఎన్ని డైస్ ఉంటే అన్నిసార్లు కూడుకోవాలి, 2డీ6 అంటే 7, ఫైర్‌బాల్ అనే మంత్రానికి 8డీ6 కాబట్టి 28, పక్కన ప్లస్ ఏమన్నా ఉంటే కలిపేస్కోవాలి. ఇలా ఎందుకు పని చేస్తుందని మా పిన్ని కొడుకు అడిగితే వాడి చేతిలో డైస్ పెట్టి తిప్పి చూడమన్నా. ఆరు ముఖాల దానిమీద ఎదురెదురు ముఖాలు కూడితే ఎప్పుడూ 7, మామూలు డీ20 మీద 21, అంటే పైన కనిపించే ప్రతి నంబరుకీ దాని జోడీ కిందవైపు ఉంది, ఆ జోడీ మొత్తంలో సగమే మనం సగటు అంటున్నది. వాడు వెంటనే డీ4 తీసి "దీనికి ఎదురు ముఖం ఏదన్నా?" అన్నాడు. లేదు, దానికి పైన ఉండేది మొన. తెలివైనోడే, కానీ ఆ సాయంత్రం అంతా డీ4 గురించే మాట్లాడాడు.

ఇప్పుడు అసలు సంగతి. లెవెల్ 1 ఫైటర్, అంటే మొదటి మెట్టులో ఉన్న యోధుడు ఉన్నాడనుకోండి, స్ట్రెంగ్త్ (బలం) 16, అంటే డ్యామేజీకి ప్లస్ 3. చేతిలో గ్రేట్‌సోర్డ్ పెడితే 2డీ6, గ్రేటాక్స్ పెడితే డీ12. సగటున కత్తికి 10, గొడ్డలికి 9.5. అర పాయింటే కదా తేడా, ఏదైతే ఏంటి అనిపిస్తుంది, లేదా ఎక్సెల్ అన్నలా అర పాయింటైనా పాయింటే అనిపిస్తుంది. ఎదురుగా 2014 రూల్స్‌లో ఉన్న గోబ్లిన్‌ని నిలబెట్టండి (ఇక్కడ చెప్పే రాక్షసుల నంబర్లన్నీ ఆ రూల్స్‌వే), దానికి 7 హెచ్‌పీ, అంటే ప్రాణం పాయింట్లు. తగిలిన ఒక్క దెబ్బకి పోవాలంటే గొడ్డలి డైస్ మీద 4 కానీ ఆపైన కానీ పడాలి, 12 ముఖాల్లో 9, అంటే 75 శాతం. కత్తికి రెండు డైస్ కలిపి 4 వస్తే చాలు, 36 రకాల్లో 33 రకాలు పనికొస్తాయి, దాదాపు 92 శాతం. అర పాయింటు అనుకున్నది ఇక్కడ ఎంత పెద్ద తేడా అయిందో చూడండి. ఇప్పుడు గోబ్లిన్‌ని పక్కకి జరిపి ఆర్క్‌ని పెట్టండి, 15 హెచ్‌పీ. ఒక్క దెబ్బకి పోవాలంటే డైస్ మీద 12 పడాల్సిందే, గొడ్డలికి అది 12లో ఒక్క ముఖం, కత్తికి రెండూ ఆర్లు పడాలి కాబట్టి 36లో ఒక్కటి. ఇక్కడ గొడ్డలి మూడింతలు మేలు! అదే ఆర్క్‌ని రెండు దెబ్బల్లో పడగొట్టాలంటే మళ్ళీ కత్తి ముందుకొచ్చేస్తుంది, కత్తికి దాదాపు 95 శాతం, గొడ్డలికి 81. సగటు మాత్రం ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ 10, 9.5 అంటూ అక్కడే కూర్చుంది.

అన్నకి ఇది చెప్తే "అరే తమ్మీ, నువ్వు ఒక్క దెబ్బ జూస్తున్నవ్, లాంగ్ రన్‌ల జూడు" అన్నాడు. అన్నా, ఆ గోబ్లిన్‌కి లాంగ్ రన్ లేదన్నా, అది మహా అయితే రెండు రౌండ్లు బతుకుతది.

ఈ లాంగ్ రన్ అన్నమాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే గొడవ మూలం దొరుకుతుంది. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ కొన్న ఒక ప్రాబబిలిటీ టెక్స్ట్‌బుక్‌లో మొదటి చాప్టర్ అంతా జూదమే. 1654లో పాస్కల్, ఫెర్మా ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నది దేనిగురించయ్యా అంటే, ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు న్యాయంగా ఎలా పంచుకోవాలి అని. 1657లో హైగెన్స్ దాన్నే పట్టుకుని ఒక చిన్న పుస్తకం అచ్చేశాడు, ఒక ఆటలో కూర్చునే అవకాశానికి సరైన ధర ఎంత అన్నది అందులో అసలు ప్రశ్న, ఇవాళ మనం వాడే సగటు లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. అంటే ఇది పుట్టడమే డబ్బు కోసం పుట్టింది. డబ్బు విషయంలో సగటు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఇవాళ వచ్చిన రూపాయీ రేపు పోయిన రూపాయీ ఒకటే, కూడుకుంటే సరిపోతుంది. డ్యామేజీ అలాంటిది కాదు. 7 హెచ్‌పీ ఉన్న గోబ్లిన్‌కి 15 కొట్టారనుకోండి, మిగతా 8 ఎవరికి? గోబ్లిన్ చిల్లర ఇవ్వదు. 6 కొట్టారనుకోండి, అది ఒక్క హెచ్‌పీతో లేచి నిలబడి బాణం వేస్తుంది, పూర్తి బలంతో వేస్తుంది, ఎందుకంటే ఈ ఆటలో ఒక్క హెచ్‌పీ ఉన్నోడూ నిండుగా ఉన్నోడూ ఒకేలా కొడతారు. అదే ఆ ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్న ఒక్క పాయింటు, ఏడుకీ పదిహేనుకీ మధ్య ఉన్న ఎనిమిది పాయింట్లకంటే విలువైంది. ఏ పాయింటుకాపాయింటు వేరే ధర ఉన్నప్పుడు అన్నీ కలిపి భాగించడంలో అర్థం ఏముంది.

2014 రూల్స్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్ అని ఒక ఫీట్ (పాత్రకి దొరికే ప్రత్యేక నైపుణ్యం) ఉండేది, 2024లో దాన్ని మార్చేశారు కానీ చాలామంది ఇంకా పాతదే వాడుతున్నారు, మేమూ అంతే. గురి మీద మైనస్ 5 తీస్కుంటే డ్యామేజీకి ప్లస్ 10 ఇస్తుంది. దీనిమీద వచ్చినన్ని లెక్కలు నాకు తెలిసి ఇంకే ఫీట్ మీదా రాలేదు. దెబ్బ తగలాలంటే డీ20 వేసి గురి కలిపితే ఎదుటివాడి ఏసీని, అంటే రక్షణ నంబరుని అందుకోవాలి. మన ఫైటర్‌కి గురి ప్లస్ 5, గోబ్లిన్ ఏసీ 15. మామూలుగా అయితే డీ20 మీద 10 పడాలి, 55 శాతం తగులుతుంది, క్రిటికల్‌తో (డీ20 మీద 20 పడితే డ్యామేజీ డైస్ రెట్టింపు) సహా లెక్కేస్తే కత్తికి రౌండ్‌కి సగటు 5.85. ఫీట్ వాడితే 15 పడాలి, 30 శాతమే తగులుతుంది, కానీ సగటు 6.35 అవుతుంది. షీట్‌లో పచ్చరంగు పడింది, ఫీట్ వాడాలి. ఇప్పుడు అదే గోబ్లిన్ ఈ రౌండ్‌లో చచ్చే అవకాశం ఎంత అని అడగండి. మామూలు దెబ్బతో దాదాపు 51 శాతం. ఫీట్‌తో 30. సగటు పెరిగింది, చావు తగ్గింది! ఎందుకంటే ఫీట్‌తో తగిలిన ప్రతి దెబ్బా కనీసం 15, అందులో 8 గాలిలో కలిసిపోయేదే, సగటు మాత్రం ఆ గాలిని కూడా లెక్కలో వేసుకుని మురిసిపోతుంది. అదే 59 హెచ్‌పీ ఉన్న ఓగర్ మీదైతే ఆ ఫీట్ వాడండి, శుభ్రంగా వాడండి, దాని ఏసీ కేవలం 11, పైగా అక్కడ చిల్లర గొడవ చివరి దెబ్బకి కానీ రాదు. ఏ ఆయుధం మంచిది అన్న ప్రశ్నే తప్పు, ఎవడిమీద అన్నది లేకుండా దానికి జవాబు లేదు. మా వదిన రోగ్ (చాటుగా దెబ్బకొట్టే పాత్ర) ఆడుతుంది, ఆమె ఏనాడూ ఒక్క సగటు లెక్కగట్టలేదు, తన వంతు వచ్చేముందు డీఎంని "అది ఎంత దెబ్బతిన్నట్టు కనపడుతోంది?" అని అడుగుతుంది, దాన్నిబట్టి ఎవడిమీదకి పోవాలో చూస్కుంటుంది. టేబుల్ మీద మా అందరికంటే ఎక్కువ శవాలు ఆమె ఖాతాలోనే ఉంటాయి.

అష్టాచెమ్మా ఆడినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు అసలు. నానమ్మ వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద సుద్దతో ఐదైదుల గళ్ళు గీసి ఆడేవాళ్ళం, గవ్వలు ఉంటే గవ్వలు, లేకపోతే చింతగింజలు ఒక పక్క తెల్లగా అయ్యేదాకా గరుకు బండకి అరగదీసి అవే. నాలుగు వేస్తాం. ఒకటి వెల్లకిలా పడితే 1, రెండు పడితే 2, మూడు పడితే 3, నాలుగూ పడితే చెమ్మా అంటే 4, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే 8. గవ్వలు సరిగ్గా సగం సగం పడవు, చింతగింజలూ అంతే, కానీ లెక్క కోసం సగం సగం అనుకుంటే నాలుగింటికి 16 రకాల పడుళ్ళు: 1కి నాలుగు, 2కి ఆరు, 3కి నాలుగు, చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. మొత్తం కూడితే 40, పదహారుతో భాగిస్తే సగటు 2.5. డీ4 సగటు ఎంత? అదీ 2.5!

అంటే ఎక్సెల్ షీట్ ప్రకారం ఆ గవ్వలు తీసి పక్కన పడేసి డీ4 వేస్కున్నా ఆట అదే అవ్వాలి. ఒక్కసారి వేసి చూడండి, ఆట చచ్చిపోతుంది. మా ఇంటి రూల్‌లో చెమ్మానో అష్టానో పడితే కానీ కాయ లోపలికి రాదు, పడితే ఇంకో వంతు కూడా. గవ్వలతో ఆ అవకాశం 16లో రెండు, అంటే ఎనిమిదింట ఒకటి, అందుకే ఎవరికన్నా అష్టా పడితే అరుగు మొత్తం లేచేది. డీ4తో 4 పడితే లోపలికి అని పెట్టుకున్నారనుకోండి, నాలుగింట ఒకసారి పడుతుంది, అందరి కాయలూ చకచకా లోపలికి వచ్చేసి కూర్చుంటాయి, అష్టా అన్నదే లేదు, ఎనిమిది గళ్ళు దూకి ఎవడి కాయనో చంపే భయమూ లేదు. నానమ్మ సగటు అన్నమాట వాడగా నేను వినలేదు, ఆమె చూసేది ఒకటే, తన కాయ వెనకాల ఎన్ని గళ్ళ దూరంలో ఎవడున్నాడు, ఆ నంబరు పడటం ఎంత కష్టం అని. రెండు గళ్ళ వెనకాల మా బాబాయి కాయ ఉంటే వణికేది, ఎనిమిది గళ్ళ వెనకాల ఉంటే తమలపాకు చుట్టుకునేది. రెండు పడటానికి 16లో ఆరు, అష్టాకి ఒకటి, ఆమె భయం లెక్కప్రకారమే ఉంది.

ఆర్‌పీజీల్లో, అంటే ఇలా పాత్రలు వేసుకుని ఆడే ఆటల్లో కూడా గవ్వల్లాంటి సిస్టమ్‌లు ఉన్నాయి. సావేజ్ వరల్డ్స్‌లో డైస్ మీద పెద్ద నంబరు పడితే మళ్ళీ వేసి కలుపుకోవాలి, ఎంతసేపు పడితే అంతసేపు. అలా లెక్కేస్తే డీ4 సగటు 3.33, డీ6 సగటు 4.2. డీ6 మేలు కదా, ఎవర్నడిగినా చెప్తారు. కానీ మీకు కావాల్సింది సరిగ్గా 6 కానీ ఆపైన కానీ అనుకోండి. డీ6 మీద 6 పడాలి, ఆరింట ఒకటి, 16.67 శాతం. డీ4 మీద ముందు 4 పడాలి, తర్వాత 2 కానీ ఆపైన కానీ పడాలి, నాలుగింట ఒకటి ఇంటూ నాలుగింట మూడు, 18.75 శాతం. చిన్న డైస్‌కే ఎక్కువ! ఇది చూపించినప్పుడు ఎక్సెల్ అన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ ఒక్క నంబరు దగ్గర్నే కదా" అన్నాడు. అవునన్నా, ఆటంతా ఏదో ఒక నంబరు దగ్గరే కదా.

అడ్వాంటేజ్ గురించి కూడా ఇదే తగాదా. డీ20 రెండుసార్లు వేసి పెద్దది తీస్కోవడం, దాని సగటు 13.825, మామూలు 10.5 కంటే 3.325 ఎక్కువ. అందుకని కొందరు "అడ్వాంటేజ్ అంటే సుమారు ప్లస్ 3" అంటారు, ఇంకొందరు "ప్లస్ 5" అంటారు, ఇద్దరూ కొట్టుకుంటారు. 11 పడాల్సినచోట మామూలుగా 50 శాతం, అడ్వాంటేజ్‌తో 75, అక్కడ అది నిజంగానే ప్లస్ 5 అంత. 20యే పడాల్సినచోట 5 నుంచి 9.75కి వెళ్తుంది, అంటే ప్లస్ 1 కూడా పూర్తిగా కాదు. 3.325 అన్నది ఈ చోట్లన్నిటినీ కలిపి కలిపి పలచన చేసిన నంబరు, అచ్చంగా అంతే లాభం వచ్చే చోటు టేబుల్ మీద ఒక్కటీ లేదు.

మరి సగటు దేనికీ పనికిరాదా అంటే అదేం కాదు, డీఎం కుర్చీలో కూర్చుంటే దానంత మంచి స్నేహితుడు లేడు. డీఎంకి రాక్షసులు గుంపులుగా ఉంటాయి, వాటి దెబ్బలు ఒకరి తర్వాత ఒకరికి తగులుతూనే ఉంటాయి, ఏ ఒక్క గోబ్లిన్ బతుకూ ఆయనకి ముఖ్యం కాదు. రూల్‌బుక్ కూడా అందుకే రాక్షసుల దగ్గర సగటు ముందు రాసి డైస్ బ్రాకెట్లో పెడుతుంది, గోబ్లిన్‌కి 5 డ్యామేజీ, పక్కన 1డీ6 ప్లస్ 2. నిజం సగటు 5.5, కిందకి దింపారు. పది దెబ్బలు తగిలితే డైస్ వేసుకుంటే ఎక్కడో 55 చుట్టుపక్కలే తేలుతుంది, పది పన్నెండు శాతం అటూ ఇటూ, ఆ మాత్రం దానికి పదిసార్లు డైస్ దొర్లించి అందర్నీ కూర్చోబెట్టడం ఎందుకు, ఈలోగా మిర్చి బజ్జీలు చల్లారిపోతాయి. కాకపోతే ఇక్కడో కిటుకుంది, ఒక్కో దెబ్బకి 5 చొప్పున పది వేస్తే 50 అవుతుంది, కిందకి దింపడం పదిసార్లు జరిగి 5 పాయింట్లు మాయం. గుంపుకి లెక్కేసేటప్పుడు 5.5తోనే వేసి చివర్లో దింపుకోవాలి.

ఇక్కడ ఋతుపర్ణుడు గుర్తొస్తాడు నాకెప్పుడూ. భారతంలో నలుడి కథలో ఆయన రథం మీద పోతూ పోతూ ఒక తాండ్రచెట్టు చూసి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు, బాహుకుడి వేషంలో ఉన్న నలుడు దిగి లెక్కపెడితే సరిపోతుంది, తనకి పాచికల విద్య తెలుసు, అందుకే లెక్కల్లోనూ దిట్టనని ఆ రాజే అంటాడు. ఆ చెట్టు కాయలే, మన త్రిఫలలో పడే తానికాయలే, అప్పటి పాచికలు. వేల ఆకులున్నచోట అలాంటి అంచనా పనిచేస్తుంది. ఒక్క తానికాయ ఎటు పడుతుందో చెప్పమంటే ఆయనేం చెప్పేవాడో కథలో లేదు.

అయితే డీఎం కూడా ఒకే ఒక్క గోబ్లిన్ ఉన్నప్పుడు సగటు వాడితే ఆట మారిపోతుంది, ఇది చాలామంది డీఎంలు పట్టించుకోరు, టైమ్ కలిసొస్తుందని ఫిక్స్‌డ్ 5 వాడేస్తారు. 8 హెచ్‌పీ ఉన్న విజర్డ్‌కి, అంటే మంత్రగాడికి ఒక్క దెబ్బ తగిలితే, డైస్ వేస్తే ఆరింట ఒకసారి కింద పడతాడు, ఫిక్స్‌డ్ 5 అయితే ఎప్పటికీ పడడు, వాడికి ఆ సంగతి తెలుసు, నింపాదిగా నడిచి ముందుకెళ్తాడు. 10 హెచ్‌పీ ఉన్నోడికి రెండు దెబ్బలు తగిలితే ఫిక్స్‌డ్‌లో ఖాయంగా పడతాడు, డైస్ అయితే 72 శాతమే. 11 ఉంటే ఫిక్స్‌డ్‌లో అస్సలు పడడు, డైస్ అయితే 58 శాతం పడతాడు. ఒక్క హెచ్‌పీ తేడాకి ఖాయం కాస్తా అసాధ్యం అయిపోయింది! అందుకే నేను డీఎంగా ఉన్నప్పుడు గుంపు బాణాలకి సగటు, ముఖ్యమైన దెబ్బకి డైస్, అదీ స్క్రీన్ వెనక కాదు, అందరి ముందూ.

ఫైర్‌బాల్ వేసే విజర్డ్ ప్లేయరే కదా, ఆయన సగటు వాడొచ్చా అని అడుగుతారు. ఒకేసారి ఎనిమిది డైస్ పడతాయి కాబట్టి చాలావరకు వాడొచ్చు, నాలుగింట దాదాపు మూడుసార్లు 23కీ 33కీ మధ్యే పడుతుంది. కానీ అక్కడ సేవింగ్ త్రో ఒకటుంది, తప్పించుకోడానికి ఎదుటివాడు వేసే డైస్, అందులో వాడు గెలిస్తే సగమే తగులుతుంది. సగం సగం ఛాన్స్ అనుకుంటే షీట్ చెప్పేది సుమారు 21. బగ్‌బేర్ అనే రాక్షసుడికి 27 హెచ్‌పీ, సేవ్ అయితే ఎంత పెద్ద ఫైర్‌బాల్‌కైనా చావదు, 48లో సగం 24యే కదా, సేవ్ కాకపోతే సగానికిపైగా సార్లు చస్తుంది. తగిలేది 28 దగ్గర్లో, లేకపోతే 14 దగ్గర్లో, ఆ 21 మాత్రం రెండింటి మధ్యలో ఖాళీగా ఉన్నచోట నిలబడి ఉంటుంది. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్. రావు పేరు మీద యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ క్యాంపస్‌లో ఒక సంస్థే ఉంది, ఆ ఊళ్ళో కూర్చుని మనం సగటు దగ్గరే ఆగిపోతే ఎట్లా చెప్పండి.

ప్లేయర్‌గా సగటు కళ్ళుమూస్కుని తీస్కోవాల్సిన చోటు నాకు తెలిసి ఒక్కటే, లెవెల్ పెరిగినప్పుడు హెచ్‌పీ. అక్కడ పుస్తకం ఇచ్చే ఫిక్స్‌డ్ నంబరు పైకి తీసింది, డీ10కి 5.5 బదులు 6, డీ8కి 4.5 బదులు 5. రాక్షసులకి కిందకి, మనకి పైకి, రెండువైపులా పక్షపాతం మనకే. 20వ లెవెల్ దాకా పోతే ఆ అరలన్నీ కలిపి తొమ్మిదిన్నర పాయింట్లు ఊరికే వచ్చినట్టు. డైస్ వేసి 1 తెచ్చుకుని నెలలపాటు ఏడ్చేవాళ్ళని చూశా, వద్దని చెప్తే వినరు.

దీనికి పూర్తిగా ఉల్టా కేసు క్యారెక్టర్ స్టాట్స్, అంటే పాత్రకి బలం, తెలివి లాంటివాటికిచ్చే ఆరు నంబర్లు. 4డీ6 వేసి చిన్నది తీసేయడం, సగటు 12.24, పుస్తకంలో రెడీగా ఉండే 15, 14, 13, 12, 10, 8 సెట్ సగటు 12. "డైసే మేలు, సగటు ఎక్కువ" అని ఎక్సెల్ అన్న ఇక్కడ కూడా మొదలుపెడతాడు. ఆ 12.24 ఎవరికి వస్తుంది, వందమంది క్యారెక్టర్లు చేస్తే వందమందికీ కలిపి వస్తుంది. మీరు వేసేది ఒక్క సెట్టు, దాన్ని క్యాంపెయిన్ అంతా మోయాలి, పక్కోడు 18 తెచ్చుకుంటే వాడి పక్కనే కూర్చుని మోయాలి. డైస్ అన్నిటికంటే తక్కువసార్లు వేసి, దాని ఫలితం అన్నిటికంటే ఎక్కువకాలం అనుభవించేది ఇక్కడే, సగటుకి ఇంతకంటే పనికిరాని చోటు ఆట మొత్తంలో ఇంకోటి లేదు. మా దగ్గర దీనికి పెట్టుకున్న రూల్ ఏంటంటే అందరూ తలా ఒక సెట్టు వేస్తారు, పేపర్ మీద రాసి టేబుల్ మధ్యలో పెడతాం, ఎవరేసిన సెట్టునైనా ఎవరైనా వాడుకోవచ్చు. పోయినసారి మా వదిన వేసిన సెట్‌లో 17, 16 ఉన్నాయి, అందరం అదే తీస్కున్నాం. ఎక్సెల్ అన్న మాత్రం ప్రిన్సిపుల్ ప్రిన్సిపులే అని తనేసిన సెట్టే ఉంచుకున్నాడు. ఇంటెలిజెన్స్ 6 పడింది, మంత్రాలన్నీ ఇంటెలిజెన్స్ మీదే నడిచే విజర్డే ఆడతానంటున్నాడు.